తొండలు పోయాయి, బల్లులు పెరిగాయి: మీ కాలనీలో ఏం జరిగిందంటే

హైదరాబాద్‌లో నల్లగండ్ల వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "2013లో మేం ఇక్కడికి వచ్చినప్పుడు ప్రహరీ గోడ మీద రోజూ తొండలు కనిపించేవి. రెండు మూడు సార్లు ఉడుమును కూడా చూశాం. ఇప్పుడు కాలనీలో అప్పటికంటే చెట్లు ఎక్కువే ఉన్నాయి. అయినా తొండను చూసి నాలుగేళ్లయింది. ఇంట్లో బల్లులు మాత్రం బాగా పెరిగాయి. ఎండలు ముదరడం వల్లా, సెల్ టవర్ల వల్లా, మందులు కొట్టడం వల్లా? అవి మళ్లీ రావాలంటే ఏం చేయాలి?"

జవాబు ముందే చెప్పేస్తానండీ, వివరం తర్వాత. మీ కాలనీలో చెట్లు పెరిగాయి గానీ నేల మూసుకుపోయింది. తొండ కొమ్మ మీద, గోడ మీద కనిపిస్తుంది కాబట్టి దానికి చెట్టు ఉంటే చాలనుకుంటాం. కానీ అది గుడ్లు పెట్టేది మట్టిలో. మట్టి దొరకని చోట ఉన్న తొండలు ఉన్నన్నాళ్లు బతుకుతాయి, వాటి తర్వాత ఇంకొకటి ఉండదు. తొండ ఆయుష్షు కొన్నేళ్లే. అందుకే కాలనీ కట్టిన మొదట్లో బాగానే కనిపించి, తర్వాత ఎవరూ చంపకుండానే మాయమైపోతాయి.

నేను ఇరవై ఏడేళ్లు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పాను. ఆదివారం పొద్దున్నే గుట్టల మీద, చెరువు కట్టల మీద తిరిగి, కనిపించిన తొండలను, ఉడుములను లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోవడం అంతకంటే పాత అలవాటు. గచ్చిబౌలి, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, ఇటు చిలుకూరు, అటు మౌలాలి. ఆ నోట్‌బుక్కులు తిరగేసినప్పుడల్లా ఒకటే కనిపిస్తుంది: ఏ జీవి ఎక్కడ గుడ్డు పెడుతుందో చూస్తే చాలు, నగరంలో అది ఉంటుందో పోతుందో ముందే చెప్పేయొచ్చు.

తొండ గుడ్లు పెట్టడం దగ్గర నుంచి చూస్తే మీకే అర్థమవుతుంది. తొలకరి పడి మట్టి మెత్తబడిన రెండు మూడు రోజులకు, పొట్ట ఉబ్బిన ఆడ తొండ చెట్టు దిగి నేల మీదికి వస్తుంది. అక్కడక్కడా ముక్కుతో తట్టి చూస్తుంది. నచ్చిన చోట ముందు కాళ్లతో తవ్వడం మొదలుపెడుతుంది. కొంచెం తవ్వి ఆగి తల ఎత్తి చుట్టూ చూస్తుంది, మళ్లీ తవ్వుతుంది. గుంత అయ్యాక వెనక్కి తిరిగి కూర్చుని ఒక్కొక్కటే గుడ్డు వదులుతుంది. పది నుంచి ఇరవై దాకా తెల్లగా, తోలులా మెత్తగా ఉంటాయి. అన్నీ అయ్యాక మట్టి కప్పి, ఆ మట్టిని మూతితో గట్టిగా నొక్కుతుంది. అటూ ఇటూ తిరిగి ఓపిగ్గా నొక్కి నొక్కి, చివరికి ఆ చోటు ఎక్కడో మనకే తెలియకుండా చేసి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలు ఆ గుడ్లు మట్టిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతూ పెరుగుతాయి. తేమ లేకపోతే ఎండిపోతాయి, నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి.

కొన్నేళ్ల క్రితం మా వీధిలోనే ఒక తొండ ఇలా చోటు వెతుక్కోవడం చూశాను. రోడ్డు సిమెంటు, ఫుట్‌పాత్ పేవర్ టైల్స్, ఇళ్ల ముందు గ్రానైట్ రాళ్లు. రెండు టైల్స్ మధ్య వేలెడు సందులో గోళ్లతో గీకింది, కుదరలేదు. చివరికి కట్టుబడి జరుగుతున్న ఒక ఇంటి ముందున్న ఇసుక కుప్ప ఎక్కి, అందులో తవ్వి పెట్టింది. ఆ మేస్త్రీకి చెప్పాను. పాపం ఆయన ఆ మూల వదిలేసి పక్కనుంచే ఇసుక తీయించాడు. నాలుగు రోజుల తర్వాత నేను ఊళ్లో లేనప్పుడు కొత్తగా వచ్చిన కూలీలు మొత్తం కుప్పను కాంక్రీటు కలిపే మిల్లర్‌లో వేసేశారు. తప్పు ఎవరిదీ కాదు. ఆ వీధిలో అర గజం మెత్తటి మట్టి ఉంటే ఆ తొండ ఇసుక కుప్ప దాకా వచ్చేదే కాదు.

మీ కాలనీలో లాన్ ఉంది, పూలమొక్కలు ఉన్నాయి, మట్టి లేకపోవడమేంటి అనొచ్చు. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల తోట కింద నేల ఉండదు, సెల్లార్ స్లాబ్ ఉంటుంది. దాని మీద పోసిన మట్టికి రోజూ స్ప్రింక్లర్‌తో నీళ్లు కొడతారు. లాన్ గడ్డి వేళ్లు చాపలా అల్లుకుని తవ్వనివ్వవు. నెలకోసారి తోటమాలి మట్టి తిరగేసి ఎరువు వేస్తాడు. చూడటానికి పచ్చగానే ఉంటుంది, గుడ్డు నిలవడానికి మాత్రం పనికిరాదు.

ఇప్పుడు బల్లి సంగతి చూడండి. అది పెట్టేవి రెండే గుడ్లు, కానీ వాటి పెంకు సున్నంలా గట్టిగా ఉంటుంది. మట్టి తేమ అక్కర్లేదు. ఫొటో ఫ్రేమ్ వెనక, స్విచ్‌బోర్డు డబ్బాలో, గుమ్మం సందులో, పాత పుస్తకాల అరలో ఎక్కడైనా పెట్టేస్తుంది. రాత్రంతా వెలిగే ట్యూబ్‌లైట్ దగ్గరికి పురుగులు వాటంతటవే వస్తాయి. అంటే మనం కట్టిన ప్రతి గోడా దానికి బండరాయే, ప్రతి దీపమూ వేటస్థలమే. మన ఇళ్లలో తిరిగే బల్లుల్లో ఒక జాతి ఓడల్లో సరుకులతో పాటు వెళ్లి ప్రపంచంలోని చాలా వెచ్చటి దేశాలకు పాకింది. కాబట్టి "బల్లులు ఉన్నాయి కదా, మా దగ్గర పర్యావరణం బాగానే ఉన్నట్టు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మనిషి వల్ల లాభపడిన కొద్ది జీవుల్లో అదొకటి, మిగతావాటి తరఫున అది సాక్ష్యం చెప్పలేదు.

నలికిరి గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పాలి. రాగి రంగులో నున్నగా మెరుస్తూ, చిన్న కాళ్లతో పాములా జారిపోయేది. నలికండ్ల పాము అని కూడా అంటారు. దాని ఇల్లు రాలిన ఆకులు. మనం పొద్దున్నే ఆకులన్నీ ఊడ్చి, మూలన పోగేసి నిప్పు పెడతాం. ఆ పోగే దానికి దాక్కునే చోటు కాబట్టి, నిప్పు పెట్టేసరికి అది లోపలే ఉంటుంది. పైగా పాము అనుకుని కొట్టి చంపేవాళ్లే ఎక్కువ. మన చుట్టూ ఉన్న బల్లుల్లో, తొండల్లో, నలికిరుల్లో విషమున్నది ఒక్కటి కూడా లేదు. బల్లి పడిన అన్నం పారేయాలనడం నిజమే. బల్లి ఒంటి మీద, రెట్టలో వాంతులు, విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు ఉండొచ్చు. అది శుభ్రతకు సంబంధించిన విషయం, విషానికి సంబంధం లేదు. ఇక మగ తొండ గొంతు ఎర్రబడితే దూరం నుంచే మన రక్తం పీలుస్తోందని చిన్నప్పుడు మాకూ చెప్పారు, మేమూ రాళ్లు విసిరాం. ఆ ఎరుపు ఆడ తొండను పిలవడానికి, ఇంకో మగదాన్ని బెదిరించడానికి. జతకట్టే కాలంలోనే వస్తుంది. అంటే పిల్లలు రాయి విసిరేది సరిగ్గా సంతానం పెరగాల్సిన రోజుల్లో.

రంగు మారుతోంది కదా అని దాన్నే ఊసరవెల్లి అనేవాళ్లూ ఉన్నారు. అసలు ఊసరవెల్లి వేరే. తోక చుట్ట చుట్టుకుని, రెండు కళ్లనూ రెండు వైపులకు తిప్పుకుంటూ, అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచించే జీవి. అదీ గుడ్ల కోసం చెట్టు దిగి నేల మీదికి రావాల్సిందే. వికారాబాద్ రోడ్డులో నేను చూసిన చచ్చిన ఊసరవెల్లుల్లో ఎక్కువ భాగం గుడ్లతో ఉన్న ఆడవే. ఆ నడకతో తారు రోడ్డు దాటడమంటే ఎంతసేపో ఊహించుకోండి.

ఉడుము కథ ఇంకా కష్టం. దానికి పది గజాల తోట సరిపోదు. చెరువు కట్ట, పొలం గట్టు, పుట్టలు, రాళ్ల బొరియలు అన్నీ ఒకదానికొకటి కలిసి ఉండాలి. చాలాసార్లు అది గుడ్లు పెట్టేది చెదపుట్టలో. పుట్ట లోపల వేడి, తేమ ఒకేలా ఉంటాయి కాబట్టి. ఆ గుడ్లు పొదగడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. వెంచర్ వేసేవాళ్లు మొదట చేసే పని జేసీబీతో పుట్టలు చదును చేయడం. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్ట ఒక్కటి ఉంచి, మిగతావన్నీ తీసేస్తారు. ఒక్క పూటలో ఆ చుట్టుపక్కల ఉడుముల ఒక ఏడాది సంతానం పోతుంది. మీరు మొదట్లో చూసిన ఉడుము బహుశా చోటు పోయి తిరుగుతున్నదే అయి ఉంటుంది.

దానికి తోడు వేట. మాంసానికి, నడుము నొప్పికి ఉడుము నూనె అని, తోలుకి. అదృష్టం తెచ్చే వేరు అని హత్తాజోడి పేరుతో అమ్మేది కూడా నిజానికి ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమే. 2017లో ఈ మోసం బయటపడింది. పూజగదిలో పెట్టుకున్నవాళ్లకు పాపం తాము కొన్నది ఏమిటో తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులితో సమానం. పట్టినా, చంపినా, అమ్మినా, దాని శరీర భాగం దగ్గర పెట్టుకున్నా మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఉడుము ఇంట్లోకి వస్తే అరిష్టం అనుకుని కొట్టేవాళ్లకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

మన నగరానికే ప్రత్యేకమైన చోటు గుట్టలు. ఈ గ్రానైట్ బండల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. వీటి మీద ఉండే రాతి తొండ మామూలు తొండ కాదు. ఒళ్లంతా బండ రంగులో కలిసిపోయి ఉంటుంది, జతకట్టే కాలంలో మగదానికి మాత్రం వీపు మీద ఎరుపో పసుపో, పక్కలు నల్లగా మారి దూరానికే కనిపిస్తుంది. ఎత్తైన బండ కొన మీద కూర్చుని తల ఆడిస్తూ ఉంటుంది. గద్ద నీడ పడిందా, ఒక్క దూకుతో సందులోకి పోతుంది. అంటే దానికి కావాల్సింది బండ ఒక్కటే కాదు, బండకీ బండకీ మధ్య ఉన్న సందు. బ్లాస్టింగ్ చేసి, ఒక పెద్ద బండను అందం కోసం లాన్ మధ్యలో నిలబెట్టి "రాక్ గార్డెన్" అని పేరు పెడతారు. సందు లేని ఆ రాయి మీద నాకు ఇప్పటిదాకా ఒక్క రాతి తొండ కూడా కనిపించలేదు. 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ లాంటి వాళ్లు అప్పటి నుంచీ కొట్లాడబట్టి కొన్ని గుట్టలైనా మిగిలాయి. రాళ్లను కాపాడమంటే రాళ్ల కోసమే అనుకున్నవాళ్లు చాలామంది, ఆ సందుల్లో ఎన్ని ప్రాణాలున్నాయో వాళ్లకు తెలియక.

2025 మార్చి చివర్లో సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్లు కొట్టేయడానికి జేసీబీలు దిగినప్పుడు అందరం నెమళ్ల గురించి, జింకల గురించి మాట్లాడాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. నెమలి ఎగిరిపోతుంది, జింక పరిగెడుతుంది. తొండ, నలికిరి అలా చేయవు. భయం వేస్తే దగ్గర్లో ఉన్న సందులోకో బొరియలోకో దూరి కదలకుండా ఉండిపోతాయి. గద్ద నుంచి, పాము నుంచి వాటిని కాపాడిన అలవాటు అదే. యంత్రం వచ్చినప్పుడు ఆ అలవాటే వాటిని నేలతో పాటు తీసుకుపోతుంది. వార్తల్లో వాటి ఫొటో రాకపోవడానికి కారణం, ఫొటో తీయడానికి అవి బయటికి రాకపోవడమే.

అన్నీ ఓడిపోతున్నాయని కూడా చెప్పను. బెంగళూరులోని ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) పరిశోధకులు రాతి తొండల మీద ఒక ప్రయోగం చేశారు. రెండు దాక్కునే చోట్లు పెట్టి, అందులో ఏది సురక్షితమో నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో చూశారు. ఊరి అంచుల్లో, ఇళ్ల మధ్య పెరిగినవి అడవి వైపు తొండల కంటే త్వరగా, తక్కువ తప్పులతో నేర్చుకున్నాయి. అంటే వాటికి బతికే తెలివి ఉంది. మనం కనీసం చోటు మిగిల్చితే చాలు, మిగతాది అవే చూసుకుంటాయి.

చెట్ల గురించి ఒక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. నగరం శివార్లలో గడ్డి, చిన్న పొదలు, గులకరాళ్లు ఉండే బీడు నేలల్లో ఒక చిన్న తొండ ఉంటుంది. మగదానికి గొంతు కింద విసనకర్రలా విచ్చుకునే తోలు ఉంటుంది. రాయి ఎక్కి ఆ విసనకర్ర తెరిచి మూస్తుంటే చూడటానికి రెండు కళ్లూ చాలవు. దానికి ఎండ పడే ఖాళీ నేల కావాలి. ఆ నేలను "ఖాళీగా పడి ఉంది" అనుకుని గుంతలు తీసి దట్టంగా మొక్కలు నాటితే, నాలుగేళ్లలో నీడ కమ్మి అది వెళ్లిపోతుంది. మొక్కలు నాటడం మంచి పనే. ఇళ్ల మధ్య, రోడ్ల పక్కన నాటండి, బీడును బీడుగా ఉండనివ్వండి. మనిషి చేసే పని ఎటు తిరుగుతుందో ఊహించడం కష్టమనడానికి ఇంకో ఉదాహరణ: మహారాష్ట్రలో సతారా దగ్గర చల్కేవాడి పీఠభూమిలో గాలిమరలు పెట్టిన చోట గద్దలు తగ్గిపోయి, వాటికి ఆహారమైన ఈ విసనకర్ర తొండలు పెరిగాయి. పెరిగాయి కదా అని సంతోషపడలేం, ఆ మేరకు పైనున్న గొలుసు తెగిందని అర్థం.

ఎండల సంగతి. మీ అనుమానం తప్పు కాదు. తొండ ఒళ్లు వేడెక్కడానికి ఎండ కావాలి, మరీ వేడెక్కితే చల్లటి సందు కావాలి. మధ్యాహ్నం దాక్కునే గంటలు పెరిగేకొద్దీ తినే గంటలు తగ్గుతాయి, గుడ్లకు కావాల్సిన బలం రాదు. మెక్సికోలో 48 జాతుల తొండలను 200 చోట్ల మళ్లీ వెతికి చూస్తే, 1975 తర్వాత 12 శాతం చోట్ల అవి పూర్తిగా పోయాయని 2010లో తేల్చారు. కారణం ఈ వేడి గంటలే. కానీ మీ కాలనీలో వేడి ఒంటరిగా వచ్చింది కాదు. సిమెంటు, టైల్స్ వేడిని పట్టి ఉంచుతాయి, తలదాచుకునే సందూ ఉంచవు. రెండూ కలిసే దెబ్బ కొట్టాయి. సెల్ టవర్లను మాత్రం వదిలేయండి, వాటి దాకా వెళ్లాల్సిన అవసరమే లేదు.

మందులు కూడా కారణమే. దోమల ఫాగింగ్, చీమల మందు, గులాబీలకు కొట్టే పురుగుమందు, వీటి వల్ల తొండ తినే చీమలు, మిడతలు, పురుగులు పోతాయి. మందు తిన్న పురుగును అది తినడం ఇంకో ప్రమాదం. పిల్లులు, వీధికుక్కలు కూడా తక్కువేం కాదు. కడుపు నిండిన పిల్లి కూడా కదిలేదాన్ని వదలదు. బల్లికి తెగిన తోక మళ్లీ వస్తుంది, తొండకు అలా రాదు.

ఎలుకల కోసం పెట్టే జిగురు అట్టను మాత్రం దయచేసి మానేయండి. పక్కింటివాళ్లు ఒకసారి పిలిస్తే వెళ్లాను. అట్ట మీద అరచేతి పొడవు బల్లి, నాలుగు కాళ్లూ, గడ్డమూ అతుక్కుని ఉంది. కన్ను మాత్రం కదుపుతోంది. వేరుశనగ నూనె వేడి చేయకుండా తీసుకుని, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లతో ఒక్కో వేలి కింద అద్దుతూ, ముందు గడ్డం, తర్వాత ముందు కాళ్లు, చివరికి పొట్ట విడిపించాను. దాదాపు అరగంట పట్టింది. తోక అట్టకే ఉండిపోయింది. నూనె తుడిచి గోడ దగ్గర వదిలితే ఎక్కలేక రెండుసార్లు జారింది, మూడోసారి పాకింది. ఎప్పుడైనా మీకు ఇలా ఎదురైతే లాగకండి, చర్మం ఊడి వస్తుంది. నూనె, ఓపిక, అంతే.

ఇక మీరు ఏం చేయొచ్చో. కాలనీ కమిటీతో మాట్లాడి, స్లాబ్ మీద కాకుండా అసలు నేల ఉన్న చోట, పొద్దున ఎండ పడే ఒక మూల పదడుగుల మట్టి వదిలేయించండి. టైల్స్ వద్దు, లాన్ వద్దు, తవ్వొద్దు, రోజూ నీళ్లు వద్దు. పక్కన కట్టుబడిలో మిగిలిన రాళ్లను సిమెంటు లేకుండా మోకాలెత్తు పేర్చండి, మధ్యలో సందులు ఉండేలా. రాలిన ఆకులు ఆ మూలనే పోయించండి, కాల్చొద్దు. ప్రహరీ గోడ అడుగున అక్కడక్కడా పిడికిలి పట్టేంత రంధ్రాలు ఉంచితే బయటి నుంచి రావడానికి దారి ఉంటుంది. ఇది మరిచిపోతే మిగతాదంతా చేసినా ఫలితం ఉండదు, తొండ గాలిలోంచి ఊడిపడదు కదా. ఎక్కడినుంచో పట్టి తెచ్చి వదలడం మాత్రం వద్దు. ఉడుము లోపలికి వస్తే తలుపు తీసి దూరంగా నిలబడండి, అదే పోతుంది. పోకపోతే అటవీ శాఖకు చెప్పండి, అనుమతి ఉన్న రెస్క్యూ వాళ్లు వచ్చి తీసుకెళ్తారు.

మట్టి తవ్వుతుంటే తెల్లటి మెత్తని గుడ్లు బయటపడితే, వీలైతే అలాగే కప్పేయండి. తప్పనిసరిగా తీయాల్సి వస్తే ఒక్కో గుడ్డు పైవైపు పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఆ చుక్క పైకే ఉండేలా జరపాలి. కోడిగుడ్డులా వీటిని దొర్లించకూడదు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే లోపలి పిండం పెంకుకు అంటుకుని ఉంటుంది, తిరగేస్తే చనిపోతుంది. తడి తగిలీ తగలని మట్టిలో, నాలుగు వేళ్ల లోతున అదే తీరులో పెట్టి కప్పండి.

ఈ పనులన్నీ మే నెలాఖరులోపు అయిపోవాలి, ఎందుకంటే తొలకరి తర్వాత అవి మట్టి వెతుక్కుంటాయి. జూన్, జూలైల్లో ఆ మూల ఎక్కడైనా మట్టి కొత్తగా గీకినట్టు, మళ్లీ నొక్కి సర్దినట్టు కనిపిస్తే ఫొటో తీసి పెట్టండి, అది గుడ్ల గుంతేనో కాదో చూసి చెబుతాను.